కాలువ కట్టేసిన వేసవి

మా పెడనలో ఎండాకాలం క్యాలెండరు చూసి రాదు. పైన లాకుల దగ్గర గేట్లు దించేసి కాలువ కట్టేసిన రోజున వస్తుంది. ఆ రోజు నుంచి నీళ్ళు పలచబడి, గుంటలు గుంటలుగా మిగిలి, గుంటల్లో కొంగలు నిలబడి, చివరికి అడుగున బురద పెంకుల్లా పగులుతుంది. మా అద్దకం పనికి పారే నీళ్ళు కావాలి. కరక్కాయ నీళ్ళల్లో ముంచి ఆరేసిన బట్ట మీద అచ్చు వేసి, ఎండబెట్టి, కాలువలో నలుగురు దిగి జాడిస్తే తప్ప ఆ రంగు బట్టకి పట్టదు. జాడింపు లేకపోతే రంగులో ఉడకేసే పని లేదు. ఉడకేసే పని లేకపోతే షెడ్డులో బల్లలు ఖాళీ.

కలంకారీ బట్ట అద్దించి ఊళ్ళకి అమ్మడం నా వ్యాపారం. కాలువ కట్టేసిన రోజులన్నీ ఏటా నాకు నష్టమే. ఆ ఒక్క ఏడాది మాత్రం ఏం పోయిందో, ఏం వచ్చిందో కూడి చూస్తే ప్రతిసారీ వేరే లెక్క వస్తోంది.

ఆ ఏడు కాలువ కట్టేసిన వారానికే చంద్రశేఖర్ మాస్టారు మా ఇంటికి వచ్చారు. పాలిటెక్నిక్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. గొడుగు మడిచి గుమ్మానికి ఆనించి, మంచినీళ్ళయినా తాగకుండానే మొదలుపెట్టారు.

"రామబ్రహ్మం గారూ, మీ షెడ్డు కావాలండీ."

"ఎందుకండీ?"

"పదో తరగతి రాసిన పిల్లలున్నారు కదండీ, వాళ్ళకి పాలిటెక్నిక్ ఎంట్రన్సుకి చెబుదామని. ఎంట్రన్సు అయిపోయినా వదలను. పై చదువులో తడబడకుండా లెక్కలూ డ్రాయింగూ చెప్పాలి. ఏ కోర్సు చదివితే ఏం పని చేస్తారో తెలియాలి. బడిలో గది అడిగితే తాళం ఉన్నాయన ఊళ్ళో లేడు."

నేను ఆయన్ని ఎగాదిగా చూశాను. నా అనుభవంలో షెడ్డు కావలసినవాడు ముందు వరండా అడుగుతాడు. కాసేపు కూర్చుని, ఎండ పడుతోందంటాడు. అప్పుడు షెడ్డు మాట ఎత్తుతాడు. ఈయన నేరుగా షెడ్డే అడిగారు. కావలసింది మొదటి మాటలోనే చెప్పేసే మనిషిని నేను తొందరగా నమ్మను.

అయినా ఒప్పుకున్నాను. పుణ్యానికి కాదు. కాలువ కట్టేస్తే నా పనివాళ్ళు పిల్లాజెల్లాతో పొరుగూళ్ళకి కూలికి పోతారు. పోయినవాళ్ళలో కొందరు మళ్ళీ రారు. పిల్లలు ఇక్కడ చదువుతుంటే పెద్దవాళ్ళు ఊరు కదలరని నా లెక్క. పున్నయ్య అని, అచ్చు మీద అచ్చు వెంట్రుకవాసి తేడా లేకుండా దించే మనిషి నా దగ్గరున్నాడు. అతని కూతురు నాగదుర్గ ఆ ఏడే పదో తరగతి రాసింది. ఆ పిల్ల ఒక్కతి చదువుకుంటే చాలు, పున్నయ్య నాకు నిలుస్తాడు.

రెండో లెక్క మా నవ్యశ్రీ. మాకు ఒక్కతే పిల్ల. తనూ పదో తరగతే. ఫోనులో బట్టల ఫోటోలు పెట్టి ఆర్డర్లు తెచ్చేది ఇంట్లో తనే. మొహం కూడా తెలియని హైదరాబాదు ఆవిడతో, "ఆంటీ, మీ హాల్లో పొద్దున ఎండ పడుతుందా, సాయంత్రం పడుతుందా?" అని అడిగేది. ఆవిడ పొద్దున అంటే ఒక రంగు తెరలు, సాయంత్రమంటే ఇంకో రంగు. ఆ ప్రశ్న నాకు ఇన్నేళ్ళలో తట్టలేదు. తనకి బందరులో కమర్షియల్ ప్రాక్టీసు డిప్లొమా అని నేను ఎప్పుడో ఖాయం చేసేశాను. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉంటుంది. చదువు చదువే, నా పని నా పనే.

*

క్లాసు మొదలైన రోజే చిక్కొచ్చింది. అద్దకం బల్ల నేల మీద కూర్చుంటే అందేంత పొట్టిగా, మెత్తగా ఉంటుంది. అచ్చు సమంగా దిగాలని గోనె పరిచి, మీద కంబళి వేసి, ఆపైన పాత గుడ్డలు పొరలు పొరలుగా వేస్తాం. దానిమీద కాగితం పెట్టి రాస్తే పెన్ను చిల్లు పొడిచి లోపలికి దిగిపోతోంది.

"మాస్టారండీ, నా వర్గమూలం బల్లలో పడిపోయిందండీ," అంది నాగదుర్గ.

షెడ్డు షెడ్డంతా నవ్వింది. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని, "చెయ్యి పెట్టి తీసుకోమ్మా. అక్కడ ఇంకా ఎవరివైనా దొరికితే వాళ్ళకిచ్చెయ్," అన్నారు.

మర్నాడు మూటల అడుగున వేసే చెక్కలు తెప్పించి బల్లల మీద వేయించాను. పిల్లలు వాటి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. నెత్తిన దండేల మీద కరక్కాయ పసుపు బట్టలు వేలాడుతున్నాయి, కాలువ వచ్చేదాకా వాటికి కదలిక లేదు. మధ్యాహ్నం పూట రేకుల సందుల్లోంచి పడిన ఎండ ఆ బట్టల్లోంచి దిగి పిల్లల మొహాల మీద పడేది. అందరూ ఒకే రంగు. ఎవరి పిల్ల ఎవరో పోల్చుకోవడం కష్టంగా ఉండేది.

నేను పక్కగదిలో మూటల మీద ఒరిగి వింటుండేవాణ్ణి. సైన్ స్క్వేర్ తీటా, కాస్ స్క్వేర్ తీటా అని మాస్టారు అనేవారు. "ఒకటి!" అని పిల్లలు అరిచేవారు. తీటా ఎంతైనా సరే, రెండూ కలిపితే ఒకటేనట. ఇది తగ్గితే అది పెరుగుతుందట. అంత నిజాయితీగల బేరం నేను ఎక్కడా వినలేదు. వింటూ వింటూ కన్ను మూతపడేది. ఆ సగం నిద్రలో కాలువ నిండా నీళ్ళుండేవి. అంకెలు బట్టల్లా తేలుతూ కొట్టుకొచ్చేవి. ఒడ్డున నిలబడి ఒక్కొక్కటీ అందుకుని విప్పి చూసేవాణ్ణి. తీరా చూస్తే ఏ రంగూ లేకుండా, తెల్లగా, తడిగా ఉండేవి. అవి ఎవరికి అమ్మాలో తెలియక మెలకువ వచ్చేసేది. లేచి చూస్తే పిల్లలు ఇంకా అక్కడే, ఆ పసుపు వెలుగులోనే, తలలు వంచుకుని రాస్తుండేవారు. నిద్రపోయింది నేనా, వాళ్ళా అనిపించేది.

ఎంట్రన్సు అయిపోయింది. మాస్టారు అన్నమాట ప్రకారం క్లాసు ఆపలేదు. ఒకనాడు నా దగ్గరకొచ్చి, "ఇవాళ క్లాసు మీరు చెప్పాలండీ," అన్నారు.

"నేనా? నాకు తీటా తెలియదు."

"తీటా నేను చెబుతాను. రేపు వీళ్ళు ఏ ఉద్యోగానికి వెళ్ళినా ఎదుటివాడి ముందు కూర్చుని మాట్లాడాలి కదండీ. నేను నల్లబల్లతో మాట్లాడి బతికాను. మీరు రోజూ మనుషులతో మాట్లాడి బతుకుతున్నారు."

పొగిడితే కరిగే మనిషిని కాను గానీ, ఆ రోజు ఎందుకో చొక్కా మార్చుకుని వెళ్ళాను.

"మొదటి సంగతి," అన్నాను. "ఎదుటివాడి మొహం చూడకండి, చేతులు చూడండి. మొహం నచ్చలేదంటుంది. చెయ్యి మాత్రం నచ్చిన బట్టని రెండోసారి తడుముతుంది. రెండో సంగతి. మీకేం కావాలో ముందు చెప్పకండి. ముందు అక్కర్లేనిది అడగండి. కాదంటాడు. ఇంకోటి అడగండి. దానికీ కాదంటాడు. రెండుసార్లు కాదనేసరికి అతనికే మొహమాటం పడుతుంది. అప్పుడు మూడోదిగా అసలుది అడగండి. ఇచ్చేస్తాడు."

నాగదుర్గ చెయ్యెత్తింది. "మా నాన్న మీ దగ్గర సెలవు అలాగే అడుగుతాడండీ. ముందు పదిరోజులంటాడు."

వెనక బట్టలు మడతపెడుతున్న పున్నయ్య ఉలిక్కిపడ్డాడు. "ఒసేయ్, ఇంట్లో మాటలు ఇక్కడెందుకే! బ్రహ్మం గారూ, అది చిన్నపిల్లండీ, దానికేం తెలుసు!"

నవ్వులు తగ్గాక మా నవ్య లేచింది. "నాన్నా, అవతలివాడు అసలు బేరమే ఆడని మనిషైతే?"

"అలాంటి మనిషి ఇంకా పుట్టలేదమ్మా."

"ఒకవేళ పుడితే?"

"పుట్టినా బజారుకి రాడు."

మాస్టారు చిన్నగా దగ్గారు. "ఇంటర్వ్యూలో మాత్రం అడిగినదానికి సూటిగా చెబితేనే మంచిదేమో కదండీ, రామబ్రహ్మం గారూ."

"మీకు ప్రమోషన్లు ఎందుకు ఆలస్యమయ్యాయో ఇప్పుడు తెలిసింది మాస్టారూ," అన్నాను. అందరికంటే ముందు ఆయనే నవ్వారు.

*

తరవాత మాస్టారు ఇంకో పని పెట్టారు. ఎవరికి ఏ పని చూడాలని ఉందో ఆ పని దగ్గర ఒక పగలంతా గడిపి, వచ్చి క్లాసులో చెప్పాలి. నాగదుర్గ బందరులో ఫోన్లు బాగుచేసే దుకాణానికి వెళ్ళింది. ఒకడు గుడివాడ రైల్వే స్టేషన్లో కూర్చుని వచ్చాడు. నవ్య, "నీతో చల్లపల్లి వస్తా నాన్నా," అంది. చల్లపల్లిలో దుకాణాలకి బట్ట వేయడానికి వ్యానులో వెళ్తున్నాను. కూతురు వ్యాపారం చూడటానికి వస్తోందనుకుని లోపల్లోపల పొంగిపోయాను.

దారిలో లాకులు వచ్చాయి. "ఇక్కడ ఆపు నాన్నా," అంది. "నేను చూడాల్సింది ఇదే. వచ్చేటప్పుడు ఎక్కించుకో."

లాకుల దగ్గర గేట్లు ఎత్తి దించే లష్కరు వెంకటసాయి నాకు తెలిసినవాడే. నీళ్ళు ఎప్పుడు వదులుతారని ఏటా నేను ఫోను చేసి విసిగించేది అతన్నే. పక్కనే కాపురం, ఇంట్లో భార్య ఉంది. సరేనని దింపి వెళ్ళాను.

పనులు చూసుకుని తిరిగొచ్చేసరికి ఎండ వాలుతోంది. గట్టు మీద పిల్ల లేదు. వెంకటసాయి నవ్వుతూ కిందకి చూపించాడు. కాలువ అడుగున, దించేసిన గేటు నీడలో, పగుళ్ళిచ్చిన బురద మీద చెప్పుల్లేకుండా నిలబడి ఉంది. తల పైకెత్తి గోడ మీద నీటిమట్టం గీతలు చూస్తోంది. ఆ గీతల్లో కొన్ని తన తల కంటే చాలా ఎత్తున ఉన్నాయి. లేని నీళ్ళ అడుగున నిలబడిన పిల్లలా కనిపించింది. ఎక్కడా అలికిడి లేదు. నేను పిలవబోయి ఆగిపోయాను. ఎందుకో, పిలిస్తే ఆ నీళ్ళు చెదిరిపోతాయేమో అనిపించింది.

"పొద్దుట్నుంచి నన్ను తినేసిందండీ మీ అమ్మాయి," అన్నాడు వెంకటసాయి. "నీళ్ళు ముందు ఎవరికి అందుతాయి, ఎక్కడ ఆగిపోతాయి, ఆగకుండా పోవాలంటే అడుగు ఎంత వాలుండాలి... ఆ వాలు సంగతి నాకేం తెలుసండీ! ఇంజనీరు గారు ఫోను చేస్తే చక్రం తిప్పుతాను."

నవ్య వచ్చి వ్యానెక్కింది. పాదాలకి అంటిన బురద ఆరి రాలుతోంది.

"నాన్నా, నీళ్ళు మన ఊరు చేరేలోపు దారిలో ఎన్నిచోట్ల ఆగుతాయో తెలుసా?"

"ఏటా చూస్తున్నాగా."

"ఎందుకు ఆగుతాయో తెలుసా?"

"అదెవరికి కావాలే?"

"నాకు కావాలి," అంది.

మర్నాడు క్లాసులో నల్లబల్ల మీద కాలువ గీసింది. పక్కగదిలోంచి విన్నాను. విజయవాడలో సివిల్ ఇంజనీరింగ్ చదువుతానని, నీళ్ళ పని చేస్తానని చెప్పింది. చెప్పేటప్పుడు గొంతు ఎక్కడా తడబడలేదు. ఫోనులో తెరలు అమ్మే గొంతు కాదది.

అన్నాల దగ్గర తేల్చేశాను. "సివిలూ వద్దు, విజయవాడ హాస్టలూ వద్దు. బందరులో కమర్షియల్ ప్రాక్టీసు. మన పనికి పనికొచ్చే చదువు."

నా భార్య ఉమాదేవి పప్పుగిన్నె కింద పెట్టింది.

"ఏవండీ, దానికేం కావాలో అడగరా?"

"తెలుసుగా."

"తెలిసే ఇలా అంటున్నారా?"

నేను నవ్య వైపు తిరిగాను. "నువ్వెళ్ళిపోతే ఫోనులో ఎవరు మాట్లాడతారమ్మా?"

అదే నా అసలు భయం. బట్ట చేయించడం నాకు వచ్చు. ఇప్పటి బజారులో అమ్మే నోరు మాత్రం తనది. అది పోతే నా సరుకు మూటల్లోనే ముసలిదవుతుంది. నవ్య పళ్ళెం పక్కకి జరిపింది. చెయ్యి కడుక్కుని లేచింది. ఆ తరవాత కొన్నాళ్ళు ఇంట్లో ఫోను మోగితే తీసి మాట్లాడేది, పెట్టేసేది. నాతో అవసరమైనంతే.

*

ర్యాంకులు వచ్చాయి. నవ్యది మంచి ర్యాంకే. కాలేజీలు ఎంచుకుంటూ ఆన్‌లైన్లో ఆప్షన్లు పెట్టుకోవాలన్నారు. గడువు దగ్గరపడ్డాక ఒక పొద్దున నవ్య నా దగ్గరకొచ్చి, "నాన్నా, నువ్వూ రా. నీ ఎదురుగానే పెడతాను," అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇద్దరం స్కూటరు మీద నెట్ సెంటరుకి వెళ్ళాం. దాన్ని నడిపే కిరణ్ మా వీధి కుర్రాడే.

"బాబాయ్, మీకు అన్నిటికంటే ఏది కావాలో అది పైన పెట్టాలి," అన్నాడు. "కంప్యూటరు పైనుంచి కిందకి చూసుకుంటూ వస్తుంది. ర్యాంకుకి ఏది ముందు తగిలితే అది ఇచ్చేసి ఊరుకుంటుంది."

"అడిగింది అడిగినట్టు ఎవడిస్తాడ్రా?"

"కంప్యూటరు బాబాయ్ అది."

"దాని వెనక మనిషుండడూ?"

"ఉండడు బాబాయ్."

"ఉంటాడ్రా. నీకు కనపడడు."

కిరణ్ తల గోక్కున్నాడు. వెనక ఇంకా చాలామంది కాచుకుని ఉన్నారు. నవ్య మెల్లగా నా వైపు వంగింది.

"నాన్నా, నువ్వు క్లాసులో చెప్పినట్టే చేద్దామా? ముందు అక్కర్లేనివి అడిగి, అసలుది మూడోదిగా?"

"అదీ మాట! నా కూతురివి అనిపించావు."

"అయితే పైన విజయవాడ సివిల్ పెట్టనా?"

"పెట్టు. పైది పెద్దదిగా కనపడాలి."

"రెండోది గుంటూరు సివిల్. మూడోది మనది, బందరు కమర్షియల్."

"భేష్."

కీబోర్డు మీద కిరణ్ వేళ్ళు ఆగిపోయాయి. నవ్యని చూశాడు. "నవ్యా, ఇలాగే పెట్టెయ్యమంటావా?"

"నాన్న చెప్పారుగా," అంది.

నేను తన మొహం చూశాను. మామూలుగానే ఉంది. చేతులు బల్ల కింద ఉన్నాయి.

బయటికొచ్చాక ఇద్దరం చెరుకురసం తాగాం. చాలారోజుల తరవాత నాతో కబుర్లు చెప్పింది. నాగదుర్గ కూడా ఆప్షన్లు పెట్టిందని, పైన బందరు ఎలక్ట్రానిక్స్ పెట్టిందని చెప్పింది. "పిచ్చిపిల్ల, కావలసింది పైనే పెట్టేసిందా?" అన్నాను. నవ్యకి పొలమారింది. వీపు మీద తట్టాను.

*

నీళ్ళు వచ్చాయి. అవి వచ్చేది ముందు వాసనలో తెలుస్తుంది, ఎండిన నేల తడిసిన వాసన. తరవాత చెత్తా చెదారం నెట్టుకుంటూ, నురగతో, ఎర్రగా, నింపాదిగా వస్తాయి. క్లాసు ముగిసింది. పిల్లలు చెక్కలు తీసి గోడకి చేరేశారు. మళ్ళీ బల్లల మీద అచ్చుల చప్పుడు మొదలైంది.

ఆ రోజు జాడింపుకి మనుషులు చాలక నేనూ కాలువలో దిగాను. నడుములోతు నీళ్ళు. పున్నయ్యా నేనూ పొడుగాటి బట్ట చెరో కొసా పట్టుకుని ప్రవాహానికి వదిలాం. గట్టు మీద నవ్య ఫోను చూసుకుంటూ నిలబడింది.

"నాన్నా, మెసేజ్ వచ్చింది."

"బందరేనా?"

"విజయవాడ. సివిల్."

పున్నయ్య, "అబ్బో, పెద్ద ఊరే! మా దుర్గకి కూడా వచ్చుంటుందండీ, అడుగుదాం," అంటున్నాడు. నా చేతిలో బట్ట బరువెక్కింది. నీళ్ళు లాగుతున్నాయి. వదిలితే కొట్టుకుపోతుంది. గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. గట్టు మీద నవ్య నా వైపే చూస్తోంది. రెండు చేతులతో ఫోను పట్టుకుని ఉంది. బొటనవేలు ఆ మెసేజీని రెండోసారి తడిమింది.

అప్పుడు అర్థమైంది. కంప్యూటరు వెనక మనిషి లేడు. ఆ మనిషి ఆ రోజు నా పక్కనే కుర్చీలో ఉంది.

సాయంత్రం మాస్టారు దారిలో కలిశారు. నాగదుర్గకి బందరు ఎలక్ట్రానిక్స్ వచ్చిందని చెప్పారు. "మీకు ఇష్టం లేకపోతే నవ్యని చేర్చకండి. రెండో విడతలో మళ్ళీ ఆప్షన్లు పెట్టుకోవచ్చు. గడువుంది," అన్నారు. ఆయన మొహంలో నవ్వు ఉందేమోనని వెతికాను. లేదు.

ఇంటికొచ్చి పెరట్లో మంచం మీద కూర్చున్నాను. నవ్య వచ్చి నిలబడింది.

"నన్ను సూటిగా ఎందుకు అడగలేదు?" అన్నాను.

"క్లాసులో చెప్పాను కదా. నువ్వు విన్నావు. అన్నాల దగ్గర వద్దన్నావు."

"ఇంకోసారి అడగాల్సింది."

"అడిగితే ఇచ్చేవాడివా?"

ఆలోచించాను. పిల్ల ముందు అబద్ధమాడటం ఇష్టంలేకపోయింది. "సగం ఇచ్చేవాణ్ణి. సివిల్ చదువు, కానీ బందరులో చదువు అనేవాణ్ణి."

"అందుకే అడగలేదు నాన్నా."

ఇంతలో లోపల ఫోను మోగింది. నవ్య కదలబోయింది. నేను చెయ్యెత్తి ఆపాను. ఎవరు తీస్తారో చూద్దామనిపించింది. మోగి మోగి, ఆగిపోతుందనుకునే వేళకి ఉమ గొంతు వినిపించింది.

"హలో, ఆ... నేను నవ్య వాళ్ళ అమ్మనండీ. ఎర్రదా? బావుంటుందండీ. కానీ మొదటి రెండు ఉతుకుల్లో కాస్త రంగు దిగుతుంది. విడిగా ఉతుక్కోవాలి. లేదండీ, నిజమే చెబుతున్నా, మా ఇంట్లో తెరలు కూడా దిగాయి."

నేను నెత్తి పట్టుకున్నాను. "మీ అమ్మ దుకాణం మూయించేస్తుంది!"

ఉమ గుమ్మంలోకి వచ్చింది. చెంగుతో ఫోను తుడిచి నవ్య చేతిలో పెట్టింది. "ఆరు దుప్పట్లు కావాలంది ఆవిడ. దిగుతుందని ముందే చెప్పినవాళ్ళు ఎవరూ లేరట. అడ్రసు ఎక్కడ రాసుకోవాలో చూపించవే. రేపట్నుంచి నేనే చూసుకోవాలిగా."

రేపట్నుంచి అనేసింది. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. పెరట్లో కాలువ వాసన నిండిపోయి ఉంది. ఇద్దరూ గుమ్మంలో కూర్చుని, ఒకే ఫోను మీదకి తలలు వంచి, ఏది నొక్కితే ఏం వస్తుందో చూసుకుంటున్నారు. ఏది తల్లి తలో ఏది కూతురి తలో ఆ మసక వెలుతుర్లో తెలియలేదు. చాలాసేపు అలా చూస్తూ కూర్చున్నాను. రెండో విడత గడువు నా మనసులోంచి ఎప్పుడు జారిపోయిందో చెప్పలేను.

*

చేరే రోజున విజయవాడ వెళ్ళాం. కాలేజీ వరండాలో పొడుగాటి వరస. నవ్య సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని అందులో నిలబడింది. నేను మెట్ల మీద కూర్చున్నాను. పక్కన ఒకాయన తువ్వాలుతో విసురుకుంటున్నాడు. పేరు దుర్గాశ్రీనివాస్ అట, గుడివాడలో వడ్ల వ్యాపారం. వాళ్ళమ్మాయి కూడా అదే వరసలో ఉంది.

"మాకు సివిల్ తగిలిందండీ," అన్నాడు, ఒంట్లో బాగాలేదని చెప్పినట్టు. "ఆడపిల్ల ఎండలో నిలబడి ఏం చేస్తుందండీ? పిల్లని వెనక్కి తీసుకుపోదామా అని చూస్తున్నా."

"మీ వడ్లకి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయండీ?" అన్నాను.

"కాలువలోంచి."

"శివారు చేలకి ఎందుకు ఆలస్యంగా అందుతాయి?"

"అదేంటండీ, అది మామూలేగా."

"మామూలు కాదండీ," అన్నాను. ఆ మీద నన్ను నేనే ఆపుకోలేకపోయాను. అడుగు వాలు గురించి చెప్పాను. దారిలో నీళ్ళు ఎక్కడెక్కడ ఆగుతాయో, పూడిక తీయడానికి ముందు ఏం కొలుస్తారో చెప్పాను. గోడ మీద గీతలు ఎందుకు గీస్తారో చెప్పాను. ఎండ మాట కూడా దాచలేదు, ఎండలో నిలబడాల్సిందే అన్నాను. ఆయన విసురుకోవడం మానేశాడు. తువ్వాలు భుజాన వేసుకుని దగ్గరగా జరిగాడు.

"ఇదంతా మీకెవరు చెప్పారండీ?"

"మా ఇంట్లో ఇంజనీరు ఉందండీ."

"అలాగా! ఆవిడ ఎక్కడ చేస్తున్నారండీ?"

వరస కొంచెం ముందుకి కదిలింది. నవ్య ఒక అడుగు వేసి, ఫైలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"ఇంకా చేరలేదండీ," అన్నాను. "అదిగో, లైన్లో ఉంది."